జిప్సీ కింద మూడు బుష్‌లు: ట్రాన్స్‌ఫర్ కేస్ మౌంటింగ్ పని డైరీ

సెప్టెంబరు 14, ఆదివారం

ఆగస్టులో మా ఊరి దారి ఎక్కుతుంటే బండి కింద ‘ఠంగు’మని మోగింది. వెనకాల ఏడు బస్తాల ఎరువు, ముందంతా చిత్తడి, లో రేంజిలో (వేగం తగ్గి లాగుడు బలం పెరిగే అమరికలో) ఫస్ట్ గేరు. క్లచ్ వదిలిన ప్రతిసారీ సీట్ల మధ్యనున్న, హై, లో రేంజిలు మార్చే చిన్న లివరు దానంతటదే రెండు వేళ్ల మేర ఊగి మళ్లీ స్థానానికి వచ్చేది. ఎలాగో పైకి చేర్చాను. దిగి విశాఖ వచ్చేటప్పుడు ఇంకో గుణం బయటపడింది. నలభై, యాభై స్పీడు మధ్య ఫ్లోరంతా గుర్రుమంటూ వణుకు.

మాది అనంతగిరి మండలం. నాన్న కాఫీ, మిరియాలు పండిస్తాడు. నేను పెదవాల్తేరులో అద్దెకుంటాను. సెకండ్ హ్యాండ్‌లో కొన్న ఈ మారుతి జిప్సీ కింగే మా ఇంటి లారీ. వెనక సీట్లు తీసేస్తే బస్తాలు పడతాయి, మామూలు ట్రాలీ ఆటో మొహం కూడా చూడని దారుల్లో ఎక్కుతుంది. నవంబరులో కాఫీ పళ్లు కోతకొస్తాయి. ఆలోపు బండి నిలబడాలి. అందుకే ఈ డైరీ. ఇదే బాధ పడుతున్నవాళ్లకి పనికొస్తుందని విడమరిచి రాస్తున్నాను.

ఇవాళ కంచరపాలెంలో మేస్త్రి గారి షెడ్డులో బండి లేపి కిందికి దూరాం. జిప్సీలో గేర్ బాక్స్ వేరు, ట్రాన్స్‌ఫర్ కేస్ వేరు. గేర్ బాక్స్ వెనక నుంచి జానెడు కంటే కాస్త పొడవైన చిన్న షాఫ్టు వచ్చి కేసులోకి శక్తిని అందిస్తుంది. అక్కణ్ణుంచి ఒక ప్రొపెల్లర్ షాఫ్టు వెనక చక్రాలకి, ఇంకొకటి ముందు చక్రాలకి. కేసు మాత్రం ఇంజనుకీ గేర్ బాక్సుకీ అతుక్కోకుండా ఛాసీకి మూడు చోట్ల రబ్బరు బుష్‌ల (మధ్యలో ఇనుప గొట్టం ఉన్న రబ్బరు దిమ్మల) మీద వేలాడుతుంది. ఒక పక్క రెండు, రెండో పక్క ఒకటి.

ఆ ఒంటరి బుష్ చిరిగిపోయి ఉంది. లోపలి ఇనుప గొట్టం ఒక దారి, రబ్బరు ఒక దారి. రెండోవైపు వెనక బుష్ ఉండాల్సిన చోట కన్వేయర్ బెల్టు రబ్బరు కోసి, చిల్లు పెట్టి, బోల్టు దింపారు. నేను కొనకముందే ఏదో గ్యారేజీలో జరిగిన పని అది. బుష్ చేయాల్సిన అసలు పని అది చేయలేదు. వీటన్నిటికంటే నన్ను భయపెట్టింది ఛాసీ మీద బ్రాకెట్టు. స్క్రూడ్రైవరుతో తట్టాను. మొన దిగబడిపోయింది. అప్పడంలా పెచ్చులు పెచ్చులుగా రాలింది.

విశాఖలో సముద్రానికి దగ్గరగా బండి పెట్టుకునేవాళ్లకి ఇది కొత్త కాదు. నా బండికి కొండ కూడా తోడైంది. ఊళ్లో ఎర్రమట్టి బ్రాకెట్టు పైన పేరుకుపోతుంది, ఆ మట్టి తడిని వదలదు, వాల్తేరు గాలిలో ఉప్పు వచ్చి అదే తడిలో కరుగుతుంది. పైకి కడిగితే బండి తళతళలాడుతుంది. ఆ మూల మాత్రం ఏళ్ల తరబడి నానుతూనే ఉంది.

కేసు ఉండాల్సిన మట్టం కంటే 12 మిల్లీమీటర్లు కిందికి జారింది.

సెప్టెంబరు 17, బుధవారం

ఆఫీసు అయ్యాక గాజువాక ఆటోనగర్ వెళ్లాను. బుష్‌లు దొరికాయి. అంతకంటే మంచి పాఠం అక్కడే రెండు బళ్ల కింద దొరికింది.

ఒకటి పాత మహీంద్రా జీపు. అందులో ట్రాన్స్‌ఫర్ కేస్ నేరుగా గేర్ బాక్స్ వీపుకి బోల్టులతో బిగించి ఉంటుంది. ఇంజను, క్లచ్, గేర్ బాక్స్, కేసు అన్నీ కలిసి ఒకటే దుంగ. ముందు ఇంజను మౌంట్ల మీద, వెనక అడ్డంగా ఉన్న క్రాస్‌మెంబరు మీద రబ్బరుతో ఆ దుంగ కూర్చుంటుంది. మధ్యలో చిన్న షాఫ్టు లేదు కాబట్టి దాని క్రాస్‌లు (రెండు చివరల వంగే కీళ్లు) అరగడం అన్న బాధ లేదు, రెండింటి వరస కుదర్చడం అన్న తలనొప్పి లేదు. క్లచ్ ప్లేటు మార్చాలంటే మాత్రం బరువంతా ఒక్కసారే దించాలి.

రెండోది మిలిటరీ వేలంలో వచ్చిన ఫోర్ బై ఫోర్ లారీ. దాని కేసు రెండు ఛాసీ కమ్మీల నడుమ విడిగా, మా జిప్సీ పద్ధతిలోనే ఉంది, కాకపోతే నా నడుమంత ఎత్తు. లారీకి ఇలా విడిగా పెట్టడంలో ఒక సుఖముంది. రోడ్డు లారీ గేర్ బాక్సునే ముట్టుకోకుండా వాడుకోవచ్చు. కేసుని ఛాసీలో ఎక్కడ పెడితే ముందు షాఫ్టుకీ వెనక షాఫ్టుకీ పొడవు, వాలు రెండూ కుదురుతాయో అక్కడే పెట్టుకోవచ్చు. పొడవాటి బండిలో ఆ వెసులుబాటు విలువ ఎక్కువ.

ఏది మేలని ఆ షాపులో కుర్రాడు అడిగాడు. పొట్టి బండిలో, చేతికందే దూరంలో మేస్త్రి ఉన్నచోట నాకు విడి కేసే ఇష్టం. గేర్ బాక్సు ముట్టుకోకుండా కేసొక్కటే దించి బల్ల మీద పెట్టుకోవచ్చు. దానికి బదులుగా ఆ మూడు బుష్‌లని కళ్లల్లో పెట్టుకుని చూసుకోవాలి. నేను చూసుకోలేదు.

సెప్టెంబరు 21, ఆదివారం

కేసు దించాం.

ముందుగా ఆయిలు తీశాం. ఈ కేసులో పట్టేది 0.8 లీటరే. నల్లగా వచ్చింది గానీ ఇనుప ముక్కలు లేవు. డ్రెయిన్ బోల్టుకి అంటిన బూడిద లాంటి నలుసు మామూలే. తర్వాత ప్రతి ఫ్లాంజికీ (షాఫ్టుని బోల్టులతో బిగించే బిళ్లకీ) దాని షాఫ్టుకీ కలిసేలా తెల్ల పెయింటుతో గీత గీశాం. విప్పినవి విప్పిన పొజిషన్‌లోనే తిరిగి కలవాలి. స్పీడోమీటరు కేబులు కూడా ఈ కేసులోంచే వస్తుంది, అది విప్పడం మరిచిపోయి లాగితే తెగుతుంది. జాకీ మీద కొయ్య దిమ్మ పెట్టి కేసుకి ఆనించి, అప్పుడే మౌంటు బోల్టులు విప్పాం. ఒక్కడు ఎత్తగలిగే బరువే, కాని కింద పడుకుని గుండెల మీదకి దించుకునే సాహసం ఎవరూ చేయొద్దు.

కేసు పై తొడుగు అల్యూమినియం. బుష్‌లు పట్టుకునే చెవుల్లో పగుళ్లున్నాయేమోనని నా అనుమానం. మేస్త్రి గారు ఒక పాత పరీక్ష చేశారు. చెవుల్ని శుభ్రంగా తోమి, కిరసనాయిలు రాసి పది నిమిషాలు వదిలేశారు. తర్వాత పొడిబట్టతో ఒక్క చుక్క లేకుండా తుడిచి, సుద్దముక్కని గీకి ఆ పొడి పల్చగా చల్లారు. పగులుంటే అందులోకి దిగిన కిరసనాయిలు మెల్లగా పైకొచ్చి తెల్లటి పొడిలో సన్నటి తడి గీత కనిపిస్తుంది. ఇద్దరం బల్బు దగ్గరగా పెట్టి కళ్లార్పకుండా చూశాం. రెండు చెవులు తెల్లగానే ఉన్నాయి. మూడోదాని మొదట్లో చిన్న గీత లేచింది. నా గుండె జారింది. ఆయన గోరుతో గీకి, మళ్లీ తోమి, మళ్లీ రాసి, మళ్లీ చల్లారు. ఈసారి రాలేదు. పోత పోసినప్పటి గరుకులో మిగిలిన తడి అది. ఒక్కసారి చూసి తేల్చేయకూడదని అప్పుడు అర్థమైంది.

బుష్‌లు మాటిమాటికీ పోతుంటే రబ్బరు తీసేసి నేరుగా ఇనుముతో బిగించేస్తే గొడవ వదులుతుంది కదా అని అడిగాను.

“ఏటి బాబూ, అలగ బిగించీమంటావా? రబ్బరు ఇరగాల్సిన కాడ కేసు ఇరుగుద్ది. రబ్బరు ఎంత, కేసు ఎంత?” అన్నారు.

ఆ మాట వెనకున్న సంగతి ఇంటికొచ్చి కాగితం మీద పెట్టాను. రాళ్ల మీద ఒక చక్రం లేచి ఇంకోటి గుంటలో ఉన్నప్పుడు ఛాసీ మెలి తిరుగుతుంది. నిచ్చెన ఆకారపు ఛాసీకి అది సహజం. కేసుని నాలుగు చోట్ల గట్టిగా కట్టేస్తే ఛాసీ మెలికంతా కేసు చెవుల మీద పడుతుంది. మూడు చోట్లయితే అలా కాదు. మూడు కాళ్ల పీట ఎలాంటి ఎగుడుదిగుడు నేల మీదైనా నిలబడుతుంది, నాలుగు కాళ్లది ఊగుతుంది. మిగిలిన చిన్న కదలికల్ని రబ్బరు మింగుతుంది. దాంతోపాటు గేర్ల ఈలని కూడా ఫ్లోరు దాకా రానివ్వదు.

సెప్టెంబరు 24, బుధవారం

ఇవాళ పని లేదు, లెక్క ఉంది. ‘ఠంగు’ లో రేంజిలోనే ఎందుకు వచ్చిందో తేల్చుకోవాలనిపించింది.

ఈ ఇంజను గరిష్ఠ టార్కు సుమారు 100 న్యూటన్ మీటర్లు అనుకుందాం. ఫస్ట్ గేరు నిష్పత్తి 3.652. అంటే గేర్ బాక్సు నుంచి చిన్న షాఫ్టులోకి 365 వస్తుంది. ట్రాన్స్‌ఫర్ కేస్ హై నిష్పత్తి 1.409, లో నిష్పత్తి 2.268. లో రేంజిలో కేసు బయటికి ఇచ్చేది 828.

లోపలికి 365 వచ్చింది, బయటికి 828 వెళ్లింది. పెరిగిన ఆ 463 ఊరికే పుట్టదు. షాఫ్టుల్ని ఒక పక్కకి తిప్పుతూ, ఆ పెరిగినంత బలంతో కేసు తనే రెండో పక్కకి తిరగబోతుంది. దాన్ని ఆపేది ఆ మూడు బుష్‌లే. మీటరు పొడవు పైపుని కేసుకి బిగించి, దాని చివర 47 కిలోల బస్తా వేలాడదీస్తే ఎంత మెలి పడుతుందో అంత. హై రేంజిలో అదే లెక్క వేస్తే 149 మాత్రమే. లో రేంజిలో బుష్‌ల మీద పడేది దానికి మూడింతలు. రోడ్డు మీద గుట్టుగా ఉన్న చిరిగిన బుష్ కొండ మీద మోగడానికి కారణం ఇదే.

మహీంద్రా జీపులాంటి ఒకే దుంగలో ఇలాంటి మెలి మొత్తాన్నీ ఇంజను మౌంట్లు, వెనక క్రాస్‌మెంబరు మౌంటు కలిసి మోయాలి. జిప్సీలో 365 వంతు ఇంజను, గేర్ బాక్సు మౌంట్లది, 463 వంతు కేసు మౌంట్లది. కూడితే అదే 828.

బరువు మోయడానికే మౌంటు అని ఇన్నాళ్లూ అనుకున్నాను. అందుకే బెల్టు ముక్క చూసినప్పుడు ‘బరువు ఆపుతోంది కదా’ అని మొదట సరిపెట్టుకోబోయాను. ఆ బెల్టు ముక్కకి మధ్యలో ఇనుప గొట్టం లేదు. గొట్టం ఉంటే బోల్టు దాన్ని బిగించి పట్టుకుంటుంది, చుట్టూ అతికిన రబ్బరు అటూ ఇటూ సాగుతుంది. గొట్టం లేకపోతే బోల్టు రబ్బరునే నలిపేస్తుంది. బిగిస్తే రబ్బరు చస్తుంది, వదిలితే బోల్టు ఊగుతుంది.

సెప్టెంబరు 28, ఆదివారం

బ్రాకెట్టు పని. పొద్దున్న తొమ్మిదికి మొదలెడితే చీకటి పడింది.

కుళ్లిన బ్రాకెట్టుని గ్రైండరుతో తీసేసి ఛాసీని మెరిసే ఇనుము దాకా గీకాం. ఛాసీ గోడ గట్టిగానే ఉంది, సుత్తితో కొడితే గణగణ మోగింది. అదే పెద్ద ఊరట. కొత్త బ్రాకెట్టు 5 మిల్లీమీటర్ల ప్లేటుతో, పాతదాని కొలతలకే. ముందు అట్టతో కోసి పెట్టి చూసుకుని, అది కుదిరాకే ప్లేటు మీద గీశాం.

వెల్డింగుకి ముందు బ్యాటరీ రెండు వైర్లూ, ఇంజను కంప్యూటరు ప్లగ్గూ పీకేశాం. ఎమ్‌పీఎఫ్‌ఐ (కంప్యూటరు అదుపులో పెట్రోలు చిమ్మే) బండిలో ఇది మరిస్తే కంప్యూటరు పోయే ప్రమాదముంది. ఎర్త్ క్లిప్పు పని జరిగే చోటుకి జానెడు దూరంలోనే పెట్టాం. వెల్డింగు రాడ్లు 7018 రకం. అవి తడి పీల్చుకుంటాయి, మన ఊరి గాలిలో మరీను. అందుకని పొయ్యి పక్కన వేడి చేసి పెట్టుకున్నారు మేస్త్రి గారు. ఛాసీ కమ్మీ పై అంచుకీ కింది అంచుకీ అడ్డంగా వెల్డింగు గీత వేయనివ్వలేదు. అక్కడే ఛాసీ వంగేటప్పుడు ఎక్కువ లాగుడు పడుతుంది, అడ్డగీత వేస్తే అక్కణ్ణుంచే పగులు మొదలవుతుంది. నిలువు గోడ మీదే, ఛాసీ పొడవు వెంట, అంగుళం అంగుళం చొప్పున ఆగుతూ వేశారు. బ్రాకెట్టు చిల్లు గుండ్రంగా కాకుండా కొంచెం పొడుగ్గా చేయించుకున్నాను, వరస కుదిర్చేటప్పుడు అటూ ఇటూ జరపడానికి.

ఆ తర్వాత జింకు ప్రైమరు.

అక్టోబరు 2, దసరా

బండి స్టాండ్ల మీద, కేసు బల్ల మీద. అమ్మ ఫోను చేసి ఆయుధపూజ మానొద్దంది. నిమ్మకాయలు కొనుక్కెళ్లి స్పానర్లకీ జాకీకీ కేసుకీ బొట్లు పెట్టాం. మేస్త్రి గారు చేతులు కడుక్కుని, చొక్కా మార్చుకుని మరీ హారతిచ్చారు.

అక్టోబరు 5, ఆదివారం

బిగించాం, నడిపాం, కుదరలేదు.

కొత్త బుష్‌లు మూడూ పెట్టి కేసు పైకి లేపాం. షాఫ్టులు తెల్ల గీతల ప్రకారమే కలిపాం. కొత్త ఆయిలు పోశాం. ఎన్‌ఏడీ వంతెన దాటి గోపాలపట్నం వైపు తీసుకెళ్లాను. ‘ఠంగు’ పోయింది. వణుకు మాత్రం పోలేదు, పాత స్పీడులోనే కాస్త సన్నగా మొదలైంది.

మేస్త్రి గారిది విజయనగరం. మంగళవారం పైడితల్లమ్మ సిరిమానోత్సవం కాబట్టి రేపే ఊరెళ్తున్నారు. “వచ్చినాక సూద్దాం, ఈలోగా బండి తియ్యకు బాబూ” అని చెప్పి వెళ్లారు.

అక్టోబరు 7, మంగళవారం

తాళం నా దగ్గరుంది కాబట్టి సాయంత్రం వెళ్లి కొలతలు తీశాను. ఫోనులో వాలు చూపే యాప్ ఉంది. గేర్ బాక్సు ఫ్లాంజి మొహం మీద ఆనిస్తే 3.0 డిగ్రీలు. కేసు ఇన్‌పుట్ ఫ్లాంజి మీద 4.4. తేడా 1.4.

యూనివర్సల్ జాయింటు, అంటే షాఫ్టు చివరనుండే ఆ వంగే కీలు, వాలుగా తిరిగేటప్పుడు అవతలి షాఫ్టు ఒకే వేగంతో తిరగదు. ప్రతి చుట్టులో రెండుసార్లు కొంచెం పరుగెత్తి, రెండుసార్లు కొంచెం వెనకబడుతుంది. షాఫ్టు రెండో చివరనున్న జాయింటు కూడా అంతే వాలులో ఉంటే ఆ హెచ్చుతగ్గుల్ని చెరిపేస్తుంది. అంటే గేర్ బాక్సు వాలూ కేసు వాలూ సమానం కావాలి. సమానం కాకపోతే చెరగకుండా మిగిలిన ముక్క వణుకై ఫ్లోరులోకి వస్తుంది.

చిన్న షాఫ్టు విషయంలో ఇది మరీ కఠినం. 25 సెంటీమీటర్ల షాఫ్టుకి ఒక చివర సెంటీమీటరు జారితే 2.3 డిగ్రీలు మారుతుంది. అదే 70 సెంటీమీటర్ల షాఫ్టుకి 0.8. పొడవాటి షాఫ్టు క్షమించే తప్పుని పొట్టిది క్షమించదు.

మా తప్పు ఎక్కడో కూడా దొరికింది. జాకీ మీద కేసు వేలాడుతుండగానే ఒక్కో బోల్టునీ పూర్తిగా బిగించేసుకుంటూ పోయాం. మొదటి బుష్ ఎటు లాగితే కేసు అటే తిరిగి స్థిరపడిపోయింది. పైగా కొత్త బ్రాకెట్టు పాతదాని కంటే కొంచెం ఎత్తులో కూర్చుంది.

అక్టోబరు 12, ఆదివారం

మూడు బోల్టులూ వదులు చేశాం. బండిని స్టాండ్ల మీంచి దించి చక్రాల మీద నిలబెట్టాం. కేసు తన బరువుతో తాను సర్దుకోవడానికి రెండు మూడుసార్లు చేత్తో ఊపాం. కొలిస్తే తేడా 1.1కి తగ్గింది. కేసు ముందు వెనక మౌంట్ల మధ్య దూరం 20 సెంటీమీటర్లు. 1.1 డిగ్రీలు సరిచేయాలంటే ఒక చివర 4 మిల్లీమీటర్లకి కాస్త తక్కువ ఎత్తు కావాలి. మేస్త్రి గారు 4 మిల్లీమీటర్ల పట్టీ కోసి బుష్ కింద పెట్టారు. వేళ్లతో మూడూ పట్టించి, తర్వాత కొంచెం కొంచెంగా వంతులవారీగా బిగించాం.

గేర్ బాక్సు 3.1. కేసు 3.3.

పెందుర్తి దాకా వెళ్లొచ్చాను. నలభై, నలభై అయిదు, యాభై, అరవై. డ్యాష్‌బోర్డు మీద పెట్టిన నాణెం అలాగే ఉంది. పక్కన కూర్చున్న మేస్త్రి గారు ఏమీ అనలేదు, కళ్లు మూసుకుని అరికాళ్లతో ఫ్లోరుని వింటున్నారు. కొత్తవలస రోడ్డు దగ్గర తిప్పుకునేటప్పుడు “ఇప్పుడు సరిపోనాది” అన్నారు. ఆ ఒక్కమాట కోసం నెల రోజులు పట్టింది, నాకు కళ్లు చెమర్చాయి.

ప్రతి బోల్టు తల నుంచి బ్రాకెట్టు మీదకి పసుపు పెయింటుతో గీత గీశాను. బోల్టు ఏమాత్రం తిరిగినా గీత విరుగుతుంది, పడుకుని టార్చి వేస్తే చాలు తెలిసిపోతుంది. బ్రాకెట్టు పైన మట్టి కూర్చునే మూలలో మైనం లాంటి తుప్పు మందు కొట్టాం. ఊరెళ్లొచ్చిన ప్రతిసారీ ఆ మూలలోకి మంచినీళ్ల పైపు పెట్టడం ఇకనుంచి నా పని.

అక్టోబరు 19, ఆదివారం

దీపావళికి ఊరొచ్చాను. శృంగవరపుకోట దాటాక ఘాట్ రోడ్డంతా టూ వీల్‌లోనే. తారు మీద ఫోర్ వీల్ వేస్తే ముందు వెనక చక్రాలు మలుపుల్లో ఒకదాన్నొకటి లాక్కుని షాఫ్టుల్లో మెలి నిలవ ఉంటుంది, కొత్త బుష్‌లకి ఆ శిక్ష వద్దు.

తారు అయిపోయిన చోట ఆగి లో రేంజి వేశాను. వెనక ఆరు బస్తాలు. ఆగస్టులో మోగిన మలుపు దగ్గర కావాలనే ఆగి, మళ్లీ ఫస్ట్ గేరులో క్లచ్ వదిలాను. చిన్న లివరు మీద అరచేయి ఆనించి ఉంచాను. గోరు మందం కదిలింది. కదలాలి కూడా, రబ్బరు పని చేస్తోందని గుర్తు అది. చప్పుడు లేదు.

ఇంటి ముందు ఆపగానే గోనెసంచి పరుచుకుని కిందికి దూరాను. నాన్న టార్చి పట్టుకున్నాడు. పసుపు గీతలు మూడూ అతుకు విడలేదు. కొత్త బ్రాకెట్టు చుట్టూ పెయింటు పగల్లేదు. కేసు వెనక అవుట్‌పుట్ దగ్గర మాత్రం వేలికి తడి తగిలింది. గేర్ ఆయిలు. ఇన్నాళ్లూ వాలుగా తిరిగిన షాఫ్టు అక్కడ ఆయిలు కారకుండా ఆపే సీలుని కొంచెం తినేసినట్టుంది.

“ఇదేంట్రా, మళ్లీ దించాలా?” అన్నాడు నాన్న.

సీలు మార్చడానికి కేసు దించక్కర్లేదు, వెనక షాఫ్టు విప్పి ఫ్లాంజి లాగితే చాలు. వచ్చే ఆదివారం అదే పని.